పంటి మూలకణాలతో దవడ ఎముక: ఎంత దూరం వచ్చాం

(శ్రీకాకుళంలో దంతవైద్య విద్యార్థులు, ఉపాధ్యాయులు, పట్టణ ప్రజలు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

పెద్దలకు, వైద్య మిత్రులకు, విద్యార్థులకు, పనులు మానుకొని ఇంత దూరం వచ్చిన తల్లులకు, తండ్రులకు నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది దవడ ఎముక గురించి. దవడలో ఎముక పోయిన చోట మళ్లీ ఎముకనే పుట్టించడం సాధ్యమా, పంటిలోపల దొరికే మూలకణాలు, అంటే వేరే రకాల కణాలుగా మారగలిగే స్టెమ్ సెల్స్, అందుకు పనికివస్తాయా, ఆ కణాలను నిలబెట్టడానికి మనం తయారుచేసే స్కాఫోల్డ్, అంటే తాత్కాలిక ఆధారపు చట్రం, ఎలా ఉండాలి, ఇవన్నీ కుదిరితే మొదట మేలు కలిగేది ఏ రోగికి అన్న ప్రశ్నలను వరుసగా మీ ముందు పెడతాను.

ఈ ప్రశ్నలు మనకు దూరమైనవని ఎవరూ అనుకోవద్దు. చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టుకొని పీల్చే అలవాటు మన తీర ప్రాంతపు పల్లెల్లో, ముఖ్యంగా ఆడవారిలో, ఎంత కాలంగా ఉన్నదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ అలవాటునే అడ్డపొగ అంటారని ఈ సభలో తెలియనివారు ఉండరు. ఈ జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలిలో వచ్చే మార్పుల గురించి డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన ఫాలీ మెహతా, వారి సహచరులు రాసిన వ్యాసం 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయింది. నోటి వ్యాధుల మీద పరిశోధన చేసేవారికి ఆ వ్యాసం పరిచయమే. అంగిలికి క్యాన్సర్ వచ్చిన మనిషికి శస్త్రచికిత్స చేసినప్పుడు పుండుతో పాటు ఎముక కూడా పోతుంది. ఎముక పోయాక ఆ మనిషి తిన్నది ముక్కులోకి వస్తుంది, మాట స్పష్టంగా రాదు, ముఖం లోపలికి కుంగుతుంది. అంటే ప్రాణం నిలిచిన తరువాత కూడా ఆమెకు మనం బాకీ పడే ఉన్నాం. ఆ బాకీని దృష్టిలో పెట్టుకొని ఈ విజ్ఞానాన్ని పరిశీలించమని మిమ్మల్ని కోరుతున్నాను.

ముందు ఎముక స్వభావం కొంత చెప్పుకోవాలి. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం, అంటే కాల్షియం, ఫాస్ఫేటులతో ఏర్పడిన హైడ్రాక్సీ అపటైట్. మిగిలిన దానిలో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రొటీను పోగులు. ఈ రెండింటి మధ్య బతికున్న కణాలు ఉంటాయి. ఆస్టియోబ్లాస్ట్‌లు కొత్త ఎముకను వేస్తూ ఉంటాయి, ఆస్టియోక్లాస్ట్‌లు పాత ఎముకను కరిగిస్తూ ఉంటాయి, ఈ పని మన జీవితమంతా జరుగుతూనే ఉంటుంది. అందుకే విరిగిన ఎముక మచ్చ మిగలకుండా అతుక్కుంటుంది. చర్మం తెగితే మచ్చ మిగులుతుంది కదా? ఎముకకు ఆ మచ్చ కూడా ఉండదు. మరి అంతటి శక్తి ఉన్న ఎముక, ఖాళీ పెద్దదైతే ఎందుకు పూడదు? ఒక హద్దు దాటిన ఖాళీలోకి ఎముక కణాలు చేరుకునేలోపే మెత్తటి పీచు కణజాలం వచ్చి ఆ చోటును ఆక్రమించేస్తుంది. ఇక అది జీవితాంతం పూడదు. పరిశోధకులు ఎలుక పుర్రె పైకప్పులో 8 మిల్లీమీటర్ల వెడల్పున రంధ్రం చేసి పరీక్షలు జరపడానికి కారణం ఇదే. అంత రంధ్రం దానంతట అది పూడదు కాబట్టి, పూడితే ఆ ఫలితం మనం పెట్టినదాని వల్లనే వచ్చిందని చెప్పవచ్చు.

నేడు వైద్యులు ఏం చేస్తున్నారు? రోగి తుంటి ఎముక నుంచి కొంత ముక్క తీసి ఖాళీలో పెడతారు. గ్రహణమొర్రితో పుట్టిన పిల్లల్లో పై దవడ పంటి గట్టు చీలి ఉంటే, కోరపన్ను దిగకముందే, సుమారు 8 నుంచి 11 ఏళ్ల మధ్య, తుంటి ఎముక మూలుగ తెచ్చి ఆ చీలికను నింపుతారు. ఇది మంచి చికిత్స, నమ్మదగిన చికిత్స. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. అయితే నోటి జబ్బు కోసం వచ్చిన పిల్లవాడు తుంటి నొప్పితో కుంటుతూ ఇంటికి వెళ్తాడు. తీయగలిగిన ఎముకకు కూడా ఒక పరిమితి ఉంటుంది. రెండో చోట గాయం చేయకుండా ఎముక తేగలమా అన్న ఆలోచనలోంచే కణజాల నిర్మాణ శాస్త్రం, అంటే టిష్యూ ఇంజినీరింగ్, ఎముక వైపు వచ్చింది.

ఈ శాస్త్రానికి మూడు వస్తువులు కావాలని 1993లో లాంగర్, వకాంటి అనే ఇద్దరు సైన్స్ పత్రికలో వివరించారు. పని చేసే కణాలు ఒకటి, వాటికి ఆధారమయ్యే స్కాఫోల్డ్ ఒకటి, వాటికి ఏం చేయాలో చెప్పే సంకేతాలు ఒకటి. సంకేతాల సంగతి అంతకుముందే తెలుసు. 1965లో మార్షల్ యూరిస్ట్ ఖనిజం తీసివేసిన ఎముకను జంతువుల కండరంలో పెడితే, ఎముక ఉండని ఆ చోట కొత్త ఎముక పుట్టింది. దానికి కారణమైన ప్రొటీన్లలో ఒకటైన బీఎంపీ-2ను అమెరికాలో 2002 నుంచి వెన్నెముక చికిత్సలో వాడుతున్నారు. దాన్ని మెడ ఎముకల దగ్గర వాడినప్పుడు వాపు వచ్చి ఊపిరికి అడ్డుపడిందని 2008లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. సంకేతం ఒక్కదాన్నే కుమ్మరిస్తే సరిపోదని దీనివల్ల అర్థమవుతుంది. సంకేతాలను కొలత ప్రకారం, సమయానికి తగినట్లు విడుదల చేయడం బతికున్న కణానికి తెలిసినంతగా మన సీసాలోని మందుకు తెలియదు.

కణాలు పంటిలో ఎక్కడ ఉంటాయి? పన్ను బయటికి రాయిలా కనిపించినా, నడుమ గుజ్జు ఉంటుంది. రక్తనాళాలు, నరాలు, మెత్తటి కణజాలం అందులో ఉంటాయి. పిప్పిపన్ను పోటు పెట్టినప్పుడు మనకు తెలిసేది ఈ గుజ్జే. 2000 సంవత్సరంలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో గ్రాంథోస్, సాంగ్‌టావ్ షి, వారి సహచరులు, తీసివేసిన జ్ఞానదంతాల గుజ్జులో మూలకణాలు ఉన్నాయని చూపించారు. 2003లో అదే షి బృందం, ఊడిపోయిన పాలపళ్లలో కూడా అటువంటి కణాలు ఉన్నాయని ప్రకటించింది. ఆయనకు ఆ ఆలోచన వచ్చింది ఆరేళ్ల కూతురి పన్ను ఊడినప్పుడు. ఒక్కో పాలపంటి నుంచి వారికి దొరికినవి సుమారు 12 నుంచి 20 మూలకణాలు మాత్రమే, కానీ అవి ప్రయోగశాలలో బాగా పెరిగాయి. 2004లో పంటిని ఎముకకు పట్టి ఉంచే పీచు పొరలోనూ మూలకణాలు దొరికాయి. మనం తీసి చెత్తబుట్టలో పడేసే పంటిలో ఇంత ఉందన్నమాట.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం జాగ్రత్తగా వినాలి. పంటి గుజ్జు కణం ఎముక కణం కాదు. 2000లో ఆ కణాలను కాల్షియం ఫాస్ఫేట్ పొడితో కలిపి ఎలుకల చర్మం కింద పెట్టినప్పుడు, అవి తయారుచేసింది పంటి లోపలి డెంటిన్‌ను పోలిన పదార్థం. అదే ప్రయోగంలో తుంటి మూలుగ కణాలు మాత్రం ఎముకను, మూలుగను తయారుచేశాయి. ఇక 2003 నాటి పాలపంటి కణాల సంగతి మరింత విచిత్రం. ఆ కణాలు తాము నేరుగా ఎముక కణాలుగా మారలేదు. కానీ వాటిని పెట్టిన చోట కొత్త ఎముక పుట్టింది. ఆ ఎముకను వేసినవి ఎలుక సొంత కణాలు. పంటి కణాలు వాటిని రప్పించి పని మొదలుపెట్టించాయి. మీరు ఈ వాక్యాన్ని మళ్లీ ఆలోచించండి: ఎముకను వేసినవి ఎలుక సొంత కణాలు. మనం పెట్టిన కణం తానే ఎముకగా మారిపోతుందని పత్రికల్లో రాస్తారు. చాలాసార్లు జరిగేది అది కాదు. మనం పెట్టిన కణం కొన్నాళ్లు బతికి, తన స్రావాలతో శరీరం సొంత కణాలను, రక్తనాళాలను పిలిచి, తరువాత తాను కనుమరుగవుతుంది. అందువల్ల ఆ కణాన్ని ఆ కొన్నాళ్లు బతికించడమే మనం చేయవలసిన పని.

డెక్సామెథసోన్, విటమిన్ సి, బీటా గ్లిసరోఫాస్ఫేట్ కలిపిన ద్రవంలో మూడు నాలుగు వారాలు పెంచితే పంటి కణాలు కాల్షియాన్ని పేర్చుతాయనీ, కాల్షియానికి అంటుకునే అలిజరిన్ అనే రంగు వేస్తే ఆ పాత్ర అడుగంతా ఎర్రబడుతుందనీ మన విద్యార్థులు చదివే ఉంటారు. ఆ ఎరుపు చూడడానికి బాగుంటుంది. కానీ గాజు పాత్రలో పేరుకున్న కాల్షియం ఎముక అనిపించుకోదు. ఎముక అంటే కొల్లాజెన్ పోగుల వెంట క్రమంగా అమరిన ఖనిజం, దానిలో బతికున్న కణాలు, వాటికి రక్తం. ఎర్రబడిన ఫొటో ఒక్కటి చూపించి ఎముక తయారైందని రాసే వ్యాసాలను మీరు ప్రశ్నించాలి.

స్కాఫోల్డ్ దగ్గరకు వద్దాం. ఇల్లు కట్టేటప్పుడు స్లాబు కింద సెంట్రింగు కొడతారు కదా? కాంక్రీటు గట్టిపడేదాకా ఆ చెక్కలే బరువు మోస్తాయి. తొందరపడి ముందుగా విప్పితే స్లాబు కూలుతుంది. స్కాఫోల్డ్‌కూ అదే లెక్క, ఒక తేడా మాత్రం ఉంది. దాన్ని విప్పడానికి మళ్లీ దవడ కోయలేం కాబట్టి, అది తనంతట తానే, కొత్త ఎముక ఎంత వేగంగా పెరిగితే అంత వేగంగా, కరిగిపోవాలి. చెప్పడానికి ఇది ఒక్క వాక్యం, చేయడానికి మూడు దశాబ్దాలు సరిపోలేదు. కొల్లాజెన్ స్పాంజి కణాలకు చాలా ఇష్టమైన చోటు, కానీ వారాల్లోనే కరిగిపోతుంది, బరువు మోయలేదు. హైడ్రాక్సీ అపటైట్ ఎముక ఖనిజానికి అతి దగ్గరిది, కానీ ఏళ్ల తరబడి కరగక అలాగే ఉండిపోతుంది. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ దానికంటే త్వరగా కరుగుతుంది, అందుకే రెంటినీ పాళ్లు చూసి కలుపుతారు. పాలీకాప్రోలాక్టోన్ అనే ప్లాస్టిక్‌ను త్రీడీ ప్రింటర్‌తో రోగి సీటీ స్కాన్‌కు సరిపోయే ఆకారంలో పోయవచ్చు, అయితే అది కరగడానికి రెండేళ్లకు పైగా పడుతుంది, పైగా నీటిని ఇష్టపడని దాని ఉపరితలానికి కణాలు సరిగా అంటుకోవు. పీఎల్‌జీఏ అనే మరో పాలిమర్ కరిగేటప్పుడు ఆమ్లాలు విడుదలై చుట్టుపక్కల కణాలను ఇబ్బంది పెట్టవచ్చు. 1969లో లారీ హెంచ్ తయారుచేసిన బయోగ్లాస్ ఎముకకు గట్టిగా అతుక్కుంటుంది, కానీ పెళుసు. ఏ ఒక్క పదార్థమూ అన్ని గుణాలూ కలిగి లేదు. అందుకే నేడు ఎక్కువగా రెండు మూడు పదార్థాల మిశ్రమాలే వాడుతున్నారు.

పదార్థం కంటే ముఖ్యమైనది దానిలోని రంధ్రాలని నా అభిప్రాయం. రంధ్రాలు కనీసం 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు, ఉండాలని, 300 మైక్రాన్లు దాటితే రక్తనాళాలు లోపలికి రావడానికి అనువుగా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ రంధ్రాలు ఒకదానిలోంచి మరొకదానిలోకి తెరుచుకొని ఉండాలి. ఎన్ని రంధ్రాలున్నా దారి లేకపోతే ఏం ప్రయోజనం? రంధ్రాలు పెంచేకొద్దీ బలం తగ్గుతుంది. దవడ రోజూ నమిలే ఎముక, బలం తగ్గితే ఊరుకోదు. ఈ పేచీ ఇంకా తీరలేదు.

ఈ రంధ్రాల మాట వెనుక ఉన్న అసలు విషయం రక్తం. నేను ఈ రోజు మీకు ఒక్క విషయం చెప్పి వెళ్లాలంటే ఇదే చెబుతాను. శరీరంలో దాదాపు ఏ కణమైనా అతి దగ్గరి రక్తకేశనాళికకు 100 నుంచి 200 మైక్రాన్ల దూరంలోనే బతుకుతుంది. అంతకు మించి ప్రాణవాయువు చేరదు. ఇప్పుడు రెండు సెంటీమీటర్ల స్కాఫోల్డ్ నిండా లక్షల కణాలు నింపి దవడలో పెట్టామనుకోండి. అంచున ఉన్న కణాలు బతుకుతాయి. మరి నడుమ ఉన్నవి? చుట్టూ ఉన్న రక్తనాళాలు చిగురించి లోపలికి రావాలి, అవి రోజుకు ఒక మిల్లీమీటరు కూడా సాగవు. నడుమకు రక్తం చేరేసరికి వారాలు గడుస్తాయి, ఆ కణాలు అంతకాలం ఉండవు. చిన్న ఎలుకలో అద్భుతంగా పని చేసిన స్కాఫోల్డ్ మనిషి దవడలో తడబడడానికి ప్రధాన కారణం ఇది. కణం దొరకడం నేడు కష్టం కాదు. స్కాఫోల్డ్ ముద్రించడం కష్టం కాదు. నడుమ కణానికి రక్తం అందించడం కష్టం.

మన శస్త్రచికిత్స నిపుణులకు ఈ సంగతి అనుభవంతో తెలుసు. క్యాన్సర్ వల్ల దవడలో పెద్ద భాగం పోయినప్పుడు, కాలిలోని సన్నటి ఎముకను, అంటే ఫిబ్యులాను, దాని ధమనితోనూ సిరతోనూ కలిపి తెచ్చి, ఆ నాళాలను మెడలోని నాళాలకు సూక్ష్మదర్శిని కింద కుట్టే పద్ధతిని 1989లో హిడాల్గో దవడకు వాడి చూపించాడు. నేటికీ పెద్ద ఖాళీలకు అదే ఉత్తమ చికిత్స. అది ఎందుకు బతుకుతుంది? తన రక్తాన్ని తనతో తెచ్చుకుంది కాబట్టి.

పంటి గుజ్జు కణాల మీద నాకు ఆశ కలగడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఈ కణాలు గుజ్జులో రక్తనాళాల చుట్టూనే నివసిస్తాయి. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రొటీనును స్రవిస్తాయి, ప్రాణవాయువు తగ్గినప్పుడు మరింత ఎక్కువగా స్రవిస్తాయి. కొత్త ఎముకను వేయడంలో కంటే, కొత్త రక్తనాళాలను పిలవడంలోనే వీటి బలం ఎక్కువ కావచ్చునని నేను భావిస్తున్నాను. అందుకే రక్తనాళపు గోడ కణాలతో కలిపి వీటిని స్కాఫోల్డ్‌లో పెంచే ప్రయత్నాలను నేను శ్రద్ధగా గమనిస్తున్నాను.

మనుషుల్లో ఏం తేలింది? ఇటలీలోని నేపుల్స్‌కు చెందిన పాపాచ్చో బృందం 2009లో, జ్ఞానదంతాలు తీయించుకోవలసిన కొద్దిమంది రోగుల్లో, పై దవడ జ్ఞానదంతాల గుజ్జు కణాలను కొల్లాజెన్ స్పాంజి మీద ఉంచి, కింది దవడలో ఒక పక్క ఖాళీలో పెట్టింది. రెండో పక్కన స్పాంజి మాత్రమే పెట్టింది. మూడు నెలలకు కణాలు పెట్టిన పక్క ఎముక బాగా పెరిగింది. ఆశాజనకమైన వార్త. మూడేళ్ల తరువాత అవే చోట్లను మళ్లీ పరిశీలించి 2013లో వారే ప్రకటించారు: అక్కడ ఏర్పడిన ఎముక దట్టమైన గట్టి ఎముక, ఆ చోట సహజంగా ఉండవలసింది మాత్రం స్పాంజి వంటి ఎముక. తమ ఫలితంలో తేడా ఉన్న సంగతిని దాచకుండా చెప్పినందుకు వారిని నేను గౌరవిస్తాను. ఎముక వచ్చింది, కానీ చోటుకు తగిన ఎముక రాలేదు. రోగికి దీనివల్ల హాని జరగలేదు. అయినా మనం కణానికి చెప్పవలసిన మాట ఇంకా పూర్తిగా చెప్పలేకపోతున్నామని అది తెలియజేస్తోంది.

సభ మొదలవక ముందే ఇద్దరు తల్లులు నన్ను అడిగారు, పిల్లల పాలపళ్లను డబ్బు కట్టి దాచిపెట్టమంటారా అని. అందరికీ పనికివచ్చే ప్రశ్న కాబట్టి ఇక్కడే జవాబు చెబుతాను. వద్దమ్మా. భారత వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, బొడ్డుతాడు రక్తం తప్ప మరే జీవ పదార్థాన్నీ వాణిజ్యపరంగా నిల్వ చేయడానికి మన దేశంలో అనుమతి లేదు. పంటి మూలకణాలతో ఎముక చికిత్స కూడా ఇంకా పరిశోధన దశలోనే ఉంది. పరిశోధనలో పాల్గొనే రోగి దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా మీకు మూలకణాల చికిత్స చేస్తామంటే, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నమోదు సంఖ్య ఎంత అని అడగండి. ఆ సంఖ్య చెప్పలేకపోయినా, ఫీజు అడిగినా, సంతకం చేయకుండా ఇంటికి వచ్చేయండి.

మరి మొదట చెప్పిన అడ్డపొగ రోగి సంగతి ఏమిటి? ఆమెకు నేను అబద్ధపు ఆశ చూపలేను. అంగిలి క్యాన్సర్‌కు శస్త్రచికిత్స తరువాత చాలామందికి రేడియేషన్ ఇస్తారు. రేడియేషన్ క్యాన్సర్ కణాలతో పాటు ఎముకలోని సన్నటి రక్తనాళాలను కూడా దెబ్బతీస్తుంది. 60 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) దాటిన మోతాదు పడిన దవడలో పన్ను పీకినా గాయం మానక, ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంటుంది. అటువంటి చోట స్కాఫోల్డ్ పెడితే దానిలోకి రావలసిన రక్తనాళాలు ఎక్కడి నుంచి వస్తాయి? పైగా కణాలు పెరగడానికి ఇచ్చే సంకేతాలు, మిగిలిపోయిన క్యాన్సర్ కణాన్ని కూడా పెంచవచ్చునన్న భయం ఉంది. అందువల్ల ఈ విజ్ఞానం మొదట చేరేది చిన్న ఖాళీల దగ్గరికి, చుట్టూ ఆరోగ్యకరమైన రక్తప్రసారం ఉన్న చోటికి: పన్ను తీసిన గుంత, చిగుళ్ల వ్యాధిలో కరిగిన ఎముక, గ్రహణమొర్రి పిల్లల పంటి గట్టు చీలిక. ఆ పిల్లలకు తుంటి కోత తప్పించగలిగే రోజు మన విద్యార్థుల వృత్తి జీవితంలోనే వస్తుందని నేను నమ్ముతున్నాను. అడ్డపొగ రోగి అందరికంటే చివర ఉంటుంది.

అందుకని ఇక్కడ ఉన్న దంతవైద్య విద్యార్థులను ఒకటి కోరుతున్నాను. మీలో పరిశోధనకు వెళ్లేవారు ఆరోగ్యవంతమైన ఎలుక పుర్రె మీద మరో స్కాఫోల్డ్‌ను పరీక్షించే ముందు, రేడియేషన్ పడిన ఎముక మీద పరీక్షించే వీలుందేమో చూడండి. ఫలితాలు అంత అందంగా రావు, వ్యాసం అంత త్వరగా అచ్చు కాదు. అయినా ఈ జిల్లా రోగికి కావలసిన సమాధానం ఆ ప్రయోగంలోనే ఉంది. పరిశోధనకు వెళ్లనివారు పల్లెకు వెళ్లినప్పుడు అంగిలిని దీపం వేసి చూడండి, తెల్లటి మచ్చ గానీ, ఎర్రటి మచ్చ గానీ, మానని పుండు గానీ కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి పంపండి. మీ ప్రశ్నలకు ఇప్పుడు సమయం ఉంది, అడగండి.